చేను చూసుకునే మనిషి

నవంబరు 18, మంగళవారం

రేపు రైతు సాయం డబ్బు ఖాతాల్లో పడుతుంది. పేపరు డెస్కు నుంచి పవన్ ఫోన్ చేశాడు. "సభ ఫొటోలు అందరూ వేస్తారు మేడం. మనం వేరేది చేద్దాం. డబ్బు ఎవరికి పోతుండాదో ఒక ఊరు పట్టుకోని చూద్దాం."

ఎర్రబోడుపల్లె చేస్తానన్నాను.

"మీ ఊరే గదా?"

"అందుకే. అక్కడ నాకు అబద్ధం చెప్పడం కష్టం."

సాయంత్రానికి జాబితా దొరికింది. ఆ ఊరి రైతు సేవా కేంద్రంలో పనిచేసే శ్రీకాంత్ ఇచ్చాడు. ఐదు పేజీలు, 212 పేర్లు. పద్ధతి ఇది: భూమి సాగు చేసేవారి పేరు పక్కన టిక్కు, చేయనివారి పక్కన సున్న. పెన్సిల్‌తో. విశేషణాలు వద్దు.

అమ్మ కంటి చుక్కలు అయిపోయాయి.

నవంబరు 19, బుధవారం

11.42కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. సభలో ఉన్నాను. చూడలేదు.

చుక్కలు కొన్నాను.

నవంబరు 20, గురువారం

పొద్దున అమ్మకు పేపరు చదివి బయల్దేరాను. చూపు ఆనడం మానేసిన మూడేళ్ల నుంచి ఇదే వరస. కాఫీ, చుక్కలు, పేపరు. ఆత్మకూరు పేజీ మొదలుపెట్టి చావు కబుర్లతో ముగించాలి. నడుమ ఏది దాటేసినా పట్టుకుంటుంది.

మర్రిపాడు దాటి, బద్వేలు రోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఎర్రబోడుపల్లె. స్కూటర్ మీద గంట. కామయ్య టీ అంగడి దగ్గర కూర్చున్నాను. శ్రీకాంత్ కూడా వచ్చాడు. నేను పేరు చదవడం, అక్కడున్నవాళ్లు చెప్పడం, నేను గుర్తు పెట్టడం.

"ఈయన? నెల్లూరులో బట్టల అంగడి. ఈయన చేనుకి దారి కావాలంటే నన్నడగాల," అన్నాడు కామయ్య.

"ఈయన?"

"పోయినాడు. పోయినోడికి కూడా పడిందా డబ్బు? అదృష్టవంతుడు. ఉన్నప్పుడు పైసా పుట్టలా."

నవ్వులు. ఇంకో పేరు చదివాను. ఎవరో, "ఆమె చేస్తాది. ఒంటి మనిషి. టిక్కు గట్టిగా కొట్టమ్మా," అన్నారు. గట్టిగా కొట్టాను.

రెండో పేజీ అయ్యాక నాలుగో పేజీ తీశాను.

"ఏంది రమణమ్మా, రెండు తర్వాత నాలుగొచ్చె? మూడోది ఎలకలు కొట్టినాయా?" కామయ్యే.

"ఇంట్లో మరిచిపోయాను."

"మరిచిపోవాల్సిన పేజీనే మరిచిపోయినావులే."

ఈసారి ఎక్కువమంది నవ్వారు. శ్రీకాంత్ మాత్రం ఫోన్ చూసుకున్నాడు.

నాలుగు పేజీల్లో 167 పేర్లు. టిక్కులు 88. సున్నలు 71. ఎనిమిది తేలలేదు.

తిరిగి వస్తుంటే మా చేలో కొండలయ్య కనిపించాడు. మినుము కాయ పట్టింది. స్కూటర్ ఆపలేదు. ఆలస్యమైంది. చెయ్యి ఊపాడు, ఊపాను.

నవంబరు 23, ఆదివారం

మూడో పేజీ మంచం మీదే ఉంది. బుధవారం నుంచీ అక్కడే ఉంది.

117. ప్రమీలమ్మ, భర్త రామనారాయణ. 3.40 ఎకరాలు.

అమ్మ.

బుధవారం నాటి బ్యాంకు మెసేజ్ ఇప్పుడు చూశాను. సాయం డబ్బు పడింది, అమ్మా నేనూ కలిసి తెరిచిన ఖాతాలో. ప్రతి నెలా ఐదో తేదీన నా స్కూటర్ వాయిదా అందులోంచే పోతుంది. నేను అందులో వేసేది తక్కువ. మిగతాది ఎక్కడి నుంచి వస్తోందని ఎప్పుడూ అడగలేదు. ఇరవై ఆరేళ్లుగా అడగడమే నా ఉద్యోగం.

ఆ స్కూటర్ మీదే గురువారం ఎర్రబోడుపల్లె వెళ్లాను.

నవంబరు 24, సోమవారం

శ్రీకాంత్‌తో ఫోన్‌లో మాట్లాడి మూడో పేజీ పూర్తి చేశాను. 45 పేర్లు. టిక్కులు 24, సున్నలు 20. 117 పక్కన ఏమీ పెట్టలేదు. అతనూ అడగలేదు.

అమ్మ పేరు కాబట్టి కాదు. మాది వేరే సంగతి. కొండలయ్య మా దగ్గర కౌలుకు చేయడం లేదు. చేను చూసుకుంటున్నాడు. మా ఇంట్లో ఆ మాటే అంటాం. ఈ తేడా కథనంలో చెప్పాలంటే చోటు చాలదు.

నవంబరు 26, బుధవారం

పవన్ ఫోన్. "ఎప్పుడిస్తారు మేడం?"

"ఒక పేరు దగ్గర ఆగింది."

"ఒక్కటే గదా, వదిలేయండి. 211 చాలు."

ఇది నేను అతనికి నేర్పిన పని కాదు.

డిసెంబరు 1, సోమవారం

వాన మూడో రోజు. అమ్మ ప్రతి గంటకూ ఒకే మాట. "మినుము ఏమైపోయిందో. కొండలయ్య ఏం చేస్తుండాడో."

చేను సంగతే అడుగుతోందో, మనిషి సంగతే అడుగుతోందో ఎప్పుడూ తెలియదు.

డిసెంబరు 3, బుధవారం

వాన తెరిపి ఇచ్చింది. పొద్దున్నే వెళ్లాను.

కొండలయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాయ తెంపి ఒలిచి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. గింజకు తెల్లటి మొలక. మొక్క మీదే, కాయలోపలే మొలకెత్తింది.

"ఇది గారెలకూ రాదు, విత్తనానికీ రాదు చిన్నమ్మా," అన్నాడు. మొలకను వేలితో నిమిరాడు. "మొలక మాత్రం బాగుండాది."

శ్రీకాంత్ పంట నష్టం రాసుకుంటూ అటే వచ్చాడు. అడిగితే చెప్పాడు. "కౌలు కార్డు ఉంటే నష్టం ఈయన పేరు మీద రాస్తాం మేడం. మళ్లీ విత్తుకోవడానికి రాయితీ విత్తనాలు కూడా ఈయనకే. కార్డు లేకుంటే పాస్‌బుక్కు ఎవరిదైతే వాళ్లకి. మీ అమ్మగారికి."

"కార్డు ఎప్పటిలోగా?"

"పదో తేదీ. అమ్మగారు కేంద్రానికి వచ్చి సంతకం పెట్టి వేలిముద్ర వేయాల."

అతను పక్క చేలోకి పోయాక కొండలయ్య, "వద్దు చిన్నమ్మా," అన్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

"ఎందుకు?"

"రెడ్డెమ్మ ఏమనుకుంటాది? ఇన్నేళ్లు నమ్మితే ఈరోజు సంతకం కోసం వచ్చినాడు, చేను మింద కన్నేసినాడు అనుకోదా?"

"కౌలుకు చేసేవాళ్లందరూ తీసుకుంటున్నారు."

"కౌలోడంటే ఏడాదికొకడు మారేవాడు. ఈ ఏడు ఈ చేను, వచ్చే ఏడు ఇంకోటి. నాకు అట్ట గాదు. రెడ్డెమ్మ బస్సెక్కతా చెప్పి పోయింది, చేను చూసుకోరా కొండలయ్యా అని. ఆ మాట మింద ఉండాను."

ఆ బస్సులో నేనూ ఉన్నాను. నాయన పోయిన నెలకు ఇంటికి తాళం వేసి ఆత్మకూరు వచ్చేశాం. అప్పుడు నాకు ఇరవై ఐదు. ఒళ్లో పెట్టె. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి ఆ మాట అంది. కొండలయ్య బస్సుతోపాటు కొంచెం దూరం నడిచాడు. అప్పుడు ఆయనకు ముప్పై ఏడు.

ఇప్పుడే గమనించాను. పేపర్లో అయితే "కొండలయ్య తెలిపారు" అని రాస్తాను. ఇక్కడ "అన్నాడు" అని రాస్తున్నాను. నాకంటే పన్నెండేళ్లు పెద్ద.

ఇంటికి తీసుకెళ్లాడు. రెబెకమ్మ సజ్జరొట్టె పెట్టింది, వేరుశనగ చట్నీతో. "రెడ్డెమ్మ కన్ను ఎట్టుండాది? చుక్కలు వేస్తుండావా, మరిచిపోతుండావా?" అని అడిగింది. మరిచిపోవడం లేదన్నాను.

తింటుండగా ఎడ్విన్ వచ్చాడు. వాళ్ల కొడుకు. ఆత్మకూరు–ఉదయగిరి బస్సు నడుపుతాడు. నన్ను చూసి చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడ్డాడు.

"కార్డు సంగతి మాట్లాడేదానికి వచ్చినారా మేడం?"

"ఒరే, ముందు కూసో," అన్నాడు తండ్రి.

"కూసుంటాలే నాయనా. మేడం, చూసుకోవడం అంటే ఏందో నేను చెప్తా. పండితే మీ ఇంటికి బస్తాలు మోసుకోని రావాల. ఎండితే ఈడ కూసోని కాయలు ఒలుచుకోవాల. అదీ చూసుకోవడం."

అతను చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు.

"పదో తేదీ దాకా చూస్తా. కార్డు వస్తే సరి. లేకుంటే పన్నెండో తేదీ ఇద్దర్నీ నెల్లూరు తీసుకపోతుండా. అపార్టుమెంటులో వాచ్‌మన్ పని మాట్లాడినా. రూము ఇస్తారు. చేను మీది మీరే చూసుకోండి."

కొండలయ్య నవ్వాడు. "కార్లు చూసుకోవాలంట చిన్నమ్మా. ఈడ చేను, ఆడ కార్లు. చూసుకునే పని నన్ను వదిలేటట్టు లేదు."

రెబెకమ్మ నవ్వలేదు. "అపార్టుమెంటులో కోళ్లు పెంచుకోనిస్తారా?" అని నన్నడిగింది. పేపరులో పనిచేస్తాను కాబట్టి నాకు తెలుస్తుందని.

తెలియదన్నాను. తెలుసు.

డిసెంబరు 5, శుక్రవారం

అమ్మతో మాట్లాడాను. జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

"కౌలా? ఎవురన్నారు ఆ మాట? కొండలయ్యా?"

"కాదమ్మా. ఫారంలో ఉంది."

"ఆ ఫారం రాసినోడికి మన కొండలయ్య తెలుసా?"

"తెలియనక్కర్లేదు."

"సంతకమంటే ఊరకనేనా? జలదంకిలో మా అన్న ఒక్క సంతకం పెట్టినాడు. పదెకరాలు పోయినాయి."

"ఇది పదకొండు నెలలకేనమ్మా. భూమి హక్కు పోదు."

"వాళ్లూ అట్టే చెప్పినారు."

ఇక్కడ నేను తొందరపడ్డాను. పేపరు మనిషిలా మాట్లాడాను. "చూసుకునే మనిషి అంటే మనం ఆయనకు ఇవ్వాలి కదా. ఆయనే మనకు ఇస్తున్నాడు. ఇరవై ఏడేళ్లుగా ప్రతి పంటకూ బస్తాలు తెచ్చి వరండాలో దించుతున్నాడు. మనం ఒక్కసారి కూడా ఏమీ ఇవ్వలేదు. దాన్ని కౌలు అనే అంటారు."

"వాడు బాడుగకు వచ్చినోడు గాదు."

"జీతగాడు కాదు. కౌలుదారు కాదు. మరి ఎవరు?"

అమ్మ చుక్కల సీసా తడిమి తీసుకుని మూత బిగించింది. తర్వాత మామూలు గొంతుతో చెప్పింది. "మీ నాయన్ను ట్రాక్టర్ ట్రక్కులో ఆత్మకూరు ఆస్పత్రికి తెచ్చినోడు. దారి పొడుగునా తల ఒళ్లో పెట్టుకోని ఉండినాడు. గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను పక్కనే ఉండినాను, నాకు పట్టుకోవాలని తోచలా. దానికి గడి ఉండాదా నీ ఫారంలో?"

"లేదు."



డిసెంబరు 6, శనివారం

అమ్మ పేపరు చదవమనలేదు. చుక్కలు మాత్రం వేయించుకుంది.

డిసెంబరు 7, ఆదివారం

కథనం పంపాను. 212 పేర్లు. సాగు చేసేవారు 112. చేయనివారు 92. తేలనివి 8. ఎవరి పేర్లూ రాయలేదు. చివరి పేరా: "ఈ జాబితాలో 117వ పేరు ఈ విలేకరి తల్లిది. ఆ చేను ఆమె సాగు చేయరు. ఇరవై ఏడేళ్లుగా సాగు చేస్తున్న రైతు పేరు ఏ జాబితాలోనూ లేదు."

పవన్ ఫోన్ చేశాడు. "చివరి పేరా ఉంచాలా మేడం? తీసేస్తే ఎవరికీ తెలీదు."

"ఉంచు."

"అమ్మగారికి చెప్పినారా?"

"చెప్తాను."

కథనంలో 92 అని రాశాను గానీ జాబితా మీద ఇంకా 91 సున్నలే ఉన్నాయి. పెన్సిల్ కనిపించలేదు.

డిసెంబరు 8, సోమవారం

అమ్మ కుర్చీ వరండాలోకి జరుపుకుని, "చదువు," అంది. రెండు రోజుల అలక తీరింది. ఈ రోజే తీరాలా.

ఆత్మకూరు పేజీ తీశాను. కథనం పైనే ఉంది. మొదటి నుంచీ చదివాను. బట్టల అంగడాయన సంగతి వచ్చినప్పుడు నవ్వింది, పోయినవాళ్ల దగ్గర నాలుక చప్పరించింది. చివరి పేరా దగ్గర ఆగి, కింద ఉన్న బస్సు డిపో వార్తలోకి వెళ్లాను.

"ఆగు. ఏదో దాటేసినావు."

"లేదమ్మా."

"రమణీ."

చదివాను. మూడు వాక్యాలే.

అమ్మ చెంగుతో కన్ను ఒత్తుకుంది. పొద్దున చుక్కలు వేశాక ఎప్పుడూ ఒత్తుకుంటుంది.

"తొంభై రెండు సున్నల్లో నాదొకటా?"

"ఒకటి."

"పేరెందుకు రాయలా? విలేకరి తల్లి ఏంది? నాకు పేరుండాదిగా."

"ఎవరివీ రాయలేదమ్మా."

"కొండలయ్య పేరన్నా రాయాల్సింది." కొంచెం ఆగింది. "ఆ డబ్బు యాడ పడతాది?"

"మన ఇద్దరి ఖాతాలో."

"నేను ఎప్పుడూ తీయలేదే. ఏమైపోతుండాది?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. అమ్మకు మెసేజ్‌లు కనిపించవు.

"నా స్కూటర్ వాయిదా దాంట్లోంచి పోతోంది."

అమ్మ వీధిలో నిలబెట్టిన స్కూటర్ వైపు తిరిగింది. అమ్మకు అది ఒక నల్లటి మచ్చలాగా కనిపిస్తుందేమో.

"అయితే కొండలయ్య నీ స్కూటర్ గూడా చూసుకుంటుండాడన్నమాట," అంది.

డిసెంబరు 9, మంగళవారం

అమ్మ గంజి పెట్టిన చీర తీసి కుర్చీ మీద వేసుకుంది. ఎక్కడికో చెప్పలేదు. నేను అడగలేదు. శ్రీకాంత్‌కు ఫోన్ చేసి రేపు కేంద్రం ఎన్నింటికి తెరుస్తారో కనుక్కున్నాను.

డిసెంబరు 10, బుధవారం

స్కూటర్ మీద అమ్మ కూర్చోలేదు. ఉదయగిరి బస్సెక్కాం. డ్రైవర్ ఎడ్విన్. అద్దంలో మమ్మల్ని చూశాడు. పలకరించలేదు. ఎర్రబోడుపల్లెలో స్టాపు దాటి ముందుకు పోయాడు. నేను లేచి నిలబడ్డాను. సరిగ్గా రైతు సేవా కేంద్రం మెట్ల ముందు ఆపాడు. వెనకున్నవాళ్లు, "ఈడ స్టాపు ఎప్పుడు పెట్టినార్రా!" అని అరిచారు. అమ్మ దిగేదాకా బస్సు కదపలేదు.

శ్రీకాంత్ కబురు పంపితే కొండలయ్య చేలోంచి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రారా," అంది అమ్మ.

"కాళ్లు బురద రెడ్డెమ్మా."

"ఇది రైతుల ఆఫీసే గదా. బురద లేకుంటేనే అనుమానపడాల. రా."

వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ ఉంది. కూర్చోలేదు.

అమ్మ ఫారం మొత్తం చదివించుకుంది. ప్రతి గడీ. పదకొండు నెలలు అన్న చోట రెండుసార్లు చదివించుకుంది. హక్కు పోదు అన్న చోట మూడుసార్లు. శ్రీకాంత్ విసుక్కోలేదు. చివరికి, "కౌలుదారు పేరు," అన్నాడు.

"ఆ మాట తీసేసి చూసుకునే మనిషి అని రాయకూడదా అబ్బాయ్?"

"కంప్యూటర్లో లేదమ్మా."

"ఏందో, ప్రపంచమంతా అందులోనే ఉండాదంటారే."

కొండలయ్య గోడ దగ్గర నుంచి, "వద్దులే రెడ్డెమ్మా. వదిలేయండి. నేనేమన్నా అడిగినానా?" అన్నాడు.

"అడక్కుండా నోరు కట్టుకోని కూసున్నావు గాబట్టే గదా నేను బస్సెక్కి రావాల్సొచ్చె." అమ్మ గొంతు వినిపించిన వైపు తిరిగింది. "ఏరా, కౌలుదారుడంటే నీకు చిన్నతనంగా ఉండాదా?"

"నాకేం చిన్నతనం? మీకు కష్టంగా ఉంటాదని."

"నాకేం కష్టం! నీకు చిన్నతనమని నేను..."

అమ్మ వాక్యం పూర్తి చేయలేదు. ఇరవై ఏడేళ్లు ఈ మాట ఒకరి కోసం ఒకరు దాచిపెట్టారు. నాకు మాత్రం ఆ దాపరికం సౌకర్యంగా ఉండింది. అది నేను రాసుకోవాలి.

"అయితే టైపు కొట్టమంటారా అమ్మా?" అన్నాడు శ్రీకాంత్.

"కొట్టు."

అమ్మ సంతకం పెట్టింది. నేను వేలు పట్టి చోటు చూపించాను. వేలిముద్ర మిషను మొదటిసారే పచ్చదీపం వెలిగించింది.

కొండలయ్య బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం. తుడుచుకుని పెట్టాడు. ఎర్రదీపం. ఎడమచేతి వేలు. ఎర్రదీపం. ఐదుసార్లయింది. "గీతలు అరిగిపోయినాయి మేడం. చేలో పనిచేసేవాళ్లందరిదీ ఇదే. రేపైతే గడువు దాటిపోతాది," అన్నాడు శ్రీకాంత్ నాతో, మెల్లగా.

"ఇటు తే చెయ్యి," అంది అమ్మ.

ఆయన కదల్లేదు.

"తేరా."

అమ్మ ఆయన మణికట్టు పట్టుకుని దగ్గరకు లాక్కుంది. నా సీసాలో నీళ్లతో చెంగు తడిపింది. బొటనవేలు తుడిచింది. పగుళ్లలో మట్టి ఉంటే గోటితో తీసి మళ్లీ తుడిచింది. కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇట్టయిపోయిందేందిరా నీ చెయ్యి," అంది.

ఆయన తల పక్కకు తిప్పుకున్నారు.

ఆ వేలిని మిషను మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టి అదిమింది. ఆరోసారి ఎర్రదీపం. ఏడోసారి పచ్చదీపం.

వాళ్లు తెచ్చిన బస్తాలు మా వరండాలో దిగడం చూశాను. రెబెకమ్మ ఇచ్చిన మినుములు అమ్మ చేటలో పోయించుకోవడం చూశాను. అమ్మ ఆయన చెయ్యి పట్టుకోవడం ఇంతకు ముందు చూడలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

ఎడ్విన్ ఫోన్. "నాయన రానంటుండాడు మేడం. రాయితీ విత్తనాలు తెచ్చుకున్నాడు, నేల పదును ఆరకముందే వేయాలంట. అపార్టుమెంటోళ్లకు చెప్పేసినా."

"మంచిది."

"కార్డు పదకొండు నెలలే గదా."

"నవంబరు తొమ్మిది. డైరీలో రాసుకున్నాను."

అబద్ధం. ఫోన్ పెట్టేశాక రాస్తున్నాను. నవంబరు 9. కార్డు. అమ్మను తీసుకెళ్లాలి. అమ్మ రాలేకపోతే ఏం చేయాలో శ్రీకాంత్‌ను ముందే అడగాలి.

డిసెంబరు 15, సోమవారం

స్కూటర్ వాయిదా నా జీతం ఖాతాకు మార్పించాను. ఫారంలో కారణం అడిగారు. "సొంత బండి" అని రాశాను.

డిసెంబరు 24, బుధవారం

పొద్దున పేపరు చదువుతుంటే అమ్మ నడుమలో ఆపింది. "రేపు క్రిస్మస్ గదా. రెబెకమ్మ గారెలు చేయాల. ఈ ఏడు వాళ్లింట్లో మినుములు యాడివి?"

వంటింట్లో పోయినేటి మినుముల డబ్బా ఉంది. తీసి మూత బిగించి నా చేతికిచ్చింది. ప్రతి ఏటా క్రిస్మస్‌కు వాళ్ల నుంచి మాకు గారెలు వస్తాయి. మా నుంచి వాళ్లకు ఏదైనా వెళ్లడం నాకు గుర్తులేదు.

కొండలయ్య గారు చేలో ఉన్నారు. కొత్త మినుము వరసలు కట్టి మొలిచింది. నష్టం జాబితాలో ఆయన పేరు ఎక్కిందని శ్రీకాంత్ చెప్పాడు. డబ్బు ఎప్పుడొస్తుందో అతనికీ తెలియదు. అమ్మ పేరున పడిన సాయం డబ్బు కవరులో పెట్టి తీసుకెళ్లాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "అది రెడ్డెమ్మకు వచ్చింది చిన్నమ్మా. నాకెందుకు?"

ఇంటికి వెళ్తే రెబెకమ్మ చెయ్యి చాపి తీసుకుంది. "ఆయనకు మొహమాటం. నాకు లేదు," అంది. కవరు బైబిల్ కింద పెట్టింది. తర్వాత డబ్బా మూత తీసి గుప్పెడు మినుములు దోసిట్లో పోసుకుంది. ఒక గింజ కొరికింది.

"ఇవి మన చేనివే గదా," అంది.

అవునన్నాను.

ఇంటికొచ్చాక స్కూటర్ డిక్కీలో పెన్సిల్ దొరికింది. డిసెంబరు మూడు నుంచీ అక్కడే ఉన్నట్టుంది. జాబితా మూడో పేజీ తీసి 117 పక్కన సున్న పెట్టాను. సాగు చేసేవారి పేరుకు ఆ కాగితంలో గడి లేదు. మార్జిన్‌లో చోటుంది. రెండు పేర్లు పట్టాయి.

కొండలయ్య, రెబెకమ్మ.